దీవెన కోసం దివిసీమ దాకా

దసరా సెలవుల్లో దివిసీమ వెళ్ళి వచ్చానని చెబితే మా స్టాఫ్ రూములో అందరూ రొయ్యల గురించే అడిగారు. తిన్నాను, చాలా బాగున్నాయి. అయితే నేను అంత దూరం వెళ్ళింది ఒక మనిషి బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి. ఆ సంగతి అక్కడ చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

మాది ఆదోని. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నాకు రక్త క్యాన్సర్ ఉంది. నెమ్మదిగా ముదిరే రకం, సి.ఎం.ఎల్. అంటారు. రోజూ మధ్యాహ్నం భోంచేశాక ఒక మాత్ర వేసుకుంటాను. మూడు నెలలకోసారి హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రికి వెళ్ళి రక్తం ఇచ్చి వస్తాను. అక్కడి బెంచీ మీదే దీవెన పరిచయమైంది. గుడ్లవల్లేరు కోడలు. వయసులో నాకంటే బాగా చిన్నది. మొదటిసారి కలిసినప్పుడే నా మొహం చూసి, "మీదీ అదే మాత్రాండీ? కళ్ళు చూస్తే తెలిసిపోయిందండి" అంది. ఆ మాత్ర వేసుకునే చాలామందికి కంటి రెప్పలు ఉబ్బుతాయి. అప్పుడే ఏడ్చి మొహం కడుక్కున్నట్టు ఉంటాం. ఆ తర్వాత మేమిద్దరం ఒకే తేదీకి వచ్చేలా చూసుకునేవాళ్ళం. ఆమె బందరు లడ్డు తెచ్చేది, నేను బొరుగుల ఉండలు తీసుకెళ్ళేదాన్ని.

అలాంటిది, వరసగా రెండు విడతలు దీవెన రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. ఆసుపత్రివాళ్ళు ఇంకో రోగి సంగతి చెప్పరు, చెప్పకూడదు కూడా.

నా భయం అర్థం కావాలంటే కాస్త పాఠం చెప్పాలి. మన ఒంట్లో కణాలు తమ ఇష్టం వచ్చినట్టు పెరగవు. బయటినుంచి కబురు రావాలి. ఆ కబురు అందుకుని కణం లోపలికి చేరవేసే ప్రోటీన్లు ఉంటాయి. పని కాగానే అవి ఊరుకుంటాయి. మా జబ్బులో, ఎముక మజ్జలోని ఒక కణంలో రెండు క్రోమోజోములు తెగి, ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుంటుంది. ఆ అతుకు దగ్గర పుట్టే ప్రోటీను ఊరుకోదు. ఎవరూ కబురు పంపకపోయినా 'పెరుగు, పెరుగు' అంటూనే ఉంటుంది. తెల్లకణాలు పుట్టలు పుట్టలుగా పెరిగిపోతాయి. ఆ ప్రోటీనుకు శక్తినిచ్చే అణువు వచ్చి కూర్చునే చోటు ఒకటుంది. మా మాత్ర వెళ్ళి ఆ చోట్లో కూర్చుంటుంది. మిగతా ఒంటిని పెద్దగా కదపకుండా ఆ ఒక్క ప్రోటీను నోరు నొక్కేస్తుంది. అందుకే మాకు జుట్టు ఊడదు, ఉద్యోగం మానక్కర్లేదు. కానీ మాత్ర ఆపితే చాలామందిలో ఆ నోరు మళ్ళీ లేస్తుంది. మాతోపాటు బెంచీ మీద కూర్చునే ఒక పెద్దాయన, బాగానే ఉన్నాను కదా అని తనంతట తానే ఆపేశాడు. మళ్ళీ వచ్చేసరికి నెమ్మదిగా నడిచే జబ్బు తిరగబడి పరుగు అందుకుంది. ఎక్కువ కాలం దక్కలేదు.

దీవెన కనబడకపోయేసరికి నాకు ఆయనే గుర్తొచ్చాడు. నిజానికి ఆమె కోసం ఎంత భయపడ్డానో నా కోసమూ అంతే భయపడ్డాను. ఒకే జబ్బు, ఒకే మాత్ర. ఆమెకు జరిగింది నాకు జరగదని ఏముంది?

గుడివాడ

స్టేషను బయటికి రాగానే నాకు కనిపించినవి నీళ్ళు. మా ఆదోనిలో ట్యాంకరు వచ్చిందంటే వీధంతా బిందెలతో పరుగెత్తుతుంది. ఇక్కడ కాలవ నిండుగా పారుతోంది. దాని గట్టు మీదే నిలబడి జనం క్యాన్లలో మంచినీళ్ళు కొనుక్కుంటున్నారు. అదేమిటని అడిగితే, "కాలవ నీళ్ళు ఇదివరకట్లా తాగలేమండి. బోరు వేస్తే ఉప్పు" అన్నాడు క్యాన్లు అమ్మే ఆయన.

టిఫిను హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను, అరవై రూపాయలు. మా ఉగ్గాని, బజ్జీ ముందు ఏదీ నిలవదని నా నమ్మకం. ఆ అల్లం పచ్చడి నాలిక మీద పడ్డాక అది కాస్త సడలింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ముసలాయన నన్ను చాలాసేపు గమనించి, "ఏమీ అనుకోకండమ్మా, ఎవరైనా పోయారాండి?" అని అడిగాడు.

"లేదండీ. నా కళ్ళే అలా ఉంటాయి."

"అట్టాగా. దూరం నుంచి వచ్చినట్టున్నారు, మొహం అట్టా ఉంటే అడిగానండి" అని కాఫీకి డబ్బులు వద్దన్నాడు.

పోయిన మనిషి ఇంటికి పరామర్శకు వెళ్తున్నదానిలా ఉన్నానన్నమాట. వెళ్తున్నది నిజంగా అందుకేనేమో, ఇంకా నాకు తెలియదంతే.

గుడ్లవల్లేరు

బస్సు నిండా ఇంజనీరింగ్ పిల్లలు. వాళ్ళ సంచుల మధ్య ఇరుక్కుని నిలబడ్డాను. రెండు వైపులా వరి పొట్టకొచ్చి ఉంది. ఎర్రనేల, పత్తి చూసి పెరిగిన కళ్ళకు అంత పచ్చదనం మొదట బాగుంటుంది, తర్వాత ఊపిరాడనట్టు ఉంటుంది.

చర్చి వెనక సందులో ఇల్లు అని దీవెన ఎప్పుడో చెప్పింది. వెతుక్కుంటూ వెళ్తే వాళ్ళ అత్తగారు గుమ్మంలో బియ్యం చెరుగుతూ కనిపించింది. "వందనాలండి, ఎవరండీ" అంటూ లేచింది. ఆసుపత్రిలో స్నేహితురాలినని చెప్పాను. మా వైపు గుమ్మంలోకి వచ్చినవాళ్ళకు ముందు నీళ్ళ చెంబు అందిస్తారు. ఇక్కడ ముందు కుర్చీ వేసి, ఫ్యాను నా వైపు తిప్పి, ఆ తర్వాత నీళ్ళు తెచ్చింది.

"కోడలు ఇక్కడ లేదండి. ఒంట్లో నీరసంగా ఉందని బందరు వెళ్ళింది, వాళ్ళమ్మ దగ్గరికి. రెండు నెలలు దాటింది. ఎవరి ఫోను నుంచో మావాడికి అదే చేస్తది, వాడు చూడ్డానికి వస్తానంటే ఇప్పుడొద్దు అంటందంట. వాడు కాలేజీ బస్సు నడుపుతాడు, సెలవు దొరకదు. దొరికిన రోజు అది వద్దంటది. ఏం జరుగుతుందో మాకు తెలీదమ్మా."

"మందులు వాడుతోందాండీ?"

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. "ఇయ్యి మర్చిపోయి వెళ్ళింది. పంపిస్తానంటే అక్కడ కొనుక్కున్నానంది."

నా మాత్రల డబ్బాలాంటిదే. సీలు తీయలేదు. దాని కింద ఇంకోటి, అదీ అంతే. ఆ మాత్రలు మందుల షాపుకెళ్ళి అడగ్గానే ఇచ్చేవి కావు. మా ఆసుపత్రిలో మనిషి వెళ్ళి పరీక్ష చేయించుకుంటేనే ఇస్తారు. మరిచిపోవడానికి ఇది గొడుగు కాదు కదా. "నేను బందరే వెళ్తున్నానండి, ఇచ్చేస్తాను" అని డబ్బాలు సంచిలో వేసుకున్నాను.

బందరు

కాగితాల మీద మచిలీపట్నం అని రాస్తారు. నోటితో ఎవరూ అనరు. బందరే. సముద్రం కనపడకపోయినా గాలిలో ఉప్పు తెలుస్తుంది. లడ్డు దుకాణాల ముందు నిలబడితే నేతి వాసన కమ్మేసింది. మా కోసం దీవెన తెచ్చే లడ్డు ఇదేనా అని ఒకటి కొని నోట్లో పెట్టుకున్నాను. పంటికి తగలకుండా కరిగిపోయింది. తింటుంటే ఏడుపొచ్చింది. ఈ కళ్ళతో ఒక సౌకర్యం ఉంది. ఏడ్చినా ఎవరూ కనిపెట్టలేరు.

దీవెన తల్లి సారమ్మగారు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్ళు అంటించే పని చేస్తుంది. చాప మీద కమ్మల మధ్య కూర్చుని ఉంది. నేనెవరో చెప్పగానే చేతిలో పట్టకారు ఆగిపోయింది.

"అమ్మాయి బాగానే ఉందండి" అంది.

"ఇక్కడుందాండీ?"

"బాగానే ఉంది."

"ఎక్కడుందని అడుగుతున్నానమ్మా."

నేను డబ్బాలు తీసి చాప మీద పెట్టాను. "ఇవి వేసుకోకపోతే ఏమవుతుందో మీకు తెలుసా? నాకు తెలుసు. నేనూ వేసుకుంటున్నాను. ఒక్కమాట చెప్పండి. బతికే ఉందా?"

"అదేం మాటండి" అని సారమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "మా అమ్మ దగ్గరుంది. ఎదురుమొండిలో. ఎవరికీ చెప్పొద్దని నా చేత మాట తీసుకుందండి. ఎందుకని మాత్రం అడగొద్దు" అంది.

ఆ రాత్రి నన్ను హోటలుకు పోనివ్వలేదు. దోమతెర కట్టి మంచం వేసింది. పొద్దున్నే ఎండురొయ్యల పొడి సీసాలో పోసి, కూతురికివ్వమని నా సంచిలో పెట్టింది. మాత్రల పక్కనే.

మోపిదేవి దారిలో

అవనిగడ్డ బస్సులో నా పక్కన పెళ్ళై చాలా ఏళ్ళైనట్టున్న ఒకావిడ కూర్చుంది. ఉయ్యూరు దగ్గర పల్లెట. బస్సు చల్లపల్లి దాటాక నా పిక్క పట్టేసింది. ఇదీ మా మాత్ర ఇచ్చే కానుకే. కాలు చాపడానికి చోటు లేక పళ్ళు బిగబట్టాను. ఆవిడ అడక్కుండానే వంగి నా కాలు తన ఒడిలో పెట్టుకుని పిక్క రుద్దడం మొదలుపెట్టింది. మా ఊళ్ళో ముక్కూమొహం తెలియని మనిషి కాలు ఇలా పట్టుకోరు. నేను సిగ్గుతో వెనక్కి లాక్కోబోతే, "ఉండండి పిన్నిగారూ, నరం వదలాలి" అంది.

"ఎక్కడిదాకా?" అన్నాను.

"మోపిదేవి స్వామి దగ్గరికండి. పిల్లల కోసం. ఇది ఏడోసారి రావడం." కాసేపు రుద్ది, మామూలుగా అంది. "నాకేమైనా పర్లేదండి. ఒక్క బిడ్డ పుడితే చాలు."

ఆ మాటతో నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఒకసారి డాక్టరుగారి గది నుంచి బయటికి వచ్చి దీవెన నా పక్కన కూర్చుంది. "పిల్లల్ని కనొచ్చా అని అడిగానక్కా. ఈ మాత్ర వేసుకుంటూ కడుపు తెచ్చుకోకూడదంట, బిడ్డకు మంచిది కాదంట. రిపోర్టులో జబ్బు నంబరు బాగా తగ్గి, అట్టాగే చాలాకాలం నిలబడాలంట. అప్పుడు చూద్దాం, నీ అంతట నువ్వు ఆపొద్దు అన్నారు" అంది. నేను, తొందరేముంది అని ఏదో అన్నాను. నాకు అప్పటికే ఇంటర్ చదివే కొడుకున్నాడు.

మోపిదేవిలో ఆవిడ దిగిపోయింది. బస్సు కదిలింది. సంచిలో చెయ్యి పెట్టి ఆ సీలు తీయని డబ్బాలు తడిమి చూసుకున్నాను.

ఎదురుమొండి

ఏటిమొగ రేవులో పంటు ఎక్కాలి. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టినట్టుంటుంది. మోటారు సైకిళ్ళు, గడ్డిమోపులు, మనుషులు అందరూ దాని మీదే. కృష్ణ అక్కడ నదిలా ఉండదు. అవతలి ఒడ్డున మడ అడవి ఒక నల్లటి గీతలా కనిపిస్తుంది. ఈత రాని ఆదోని మనిషిని, మధ్యలో కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. పక్కనున్నాయన, "భయపడకండి, లోతు అంత ఉండదండి" అన్నాడు. అంత ఉండదంటే కొంత ఉందనేగా.

దీవెన అమ్మమ్మ మార్తమ్మ ఇల్లు అడిగితే అందరూ చూపించారు. పాకలాంటి ఇల్లు, ముందు సిమెంటు అరుగు. నన్ను చూసి లోపలినుంచి ఒకమ్మాయి గబగబా వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

నేను ఆమెను వెంటనే గుర్తుపట్టలేదు. నాకు తెలిసిన దీవెన ఎప్పుడూ ఏడ్చినట్టుండే మనిషి. ఈమె కళ్ళు పెద్దవి, తేటగా ఉన్నాయి. రెప్పలు పల్చగా, చక్కగా ఉన్నాయి. ఇంత అందమైన పిల్లా అనుకున్నాను. ఆ వెంటనే తట్టింది. ఆ కళ్ళు అలా ఉన్నాయంటే మాత్ర ఒంట్లో లేదు. చాలా నెలలుగా లేదు. ఆ తర్వాత చూపు కిందికి దిగింది. కడుపు.

"ఎన్నో నెల?" అన్నాను.

"అయిదు నిండినయ్యక్కా" అంది. వచ్చి నా భుజం మీద తల పెట్టుకుంది. "మీరు వస్తారనుకోలేదు."

అరుగు మీద కూర్చుని అంతా చెప్పింది. మాత్రలు ముందే ఆపేసింది. మూడో నెల దాటాక అత్తగారింట్లో దాచలేనని వచ్చేసింది. తెలిస్తే భర్త డాక్టరు దగ్గరికి లాక్కెళ్తాడు, డాక్టరు తీయించేయమంటారు. ఇదీ ఆమె లెక్క.

"పరీక్ష ఒక్కటన్నా చేయించుకున్నావా?"

"నాకు బాగానే ఉందక్కా. ఇంత బాగా ఎప్పుడూ లేను. పిక్కలు పట్టెయ్యట్లేదు, వాంతుల్లేవు."

మార్తమ్మగారు అన్నం పెట్టింది. రొయ్యల ఇగురు, గోంగూర. నాకు జొన్నరొట్టె లేనిదే పూట గడవదు, అయినా అంత కమ్మటి ఇగురు జన్మలో తినలేదు. దీవెన మాత్రం రెండు ముద్దలు తిని చేయి కడిగేసుకుంది.

"అదేంటి?"

"నిండిపోయినట్టుంటదక్కా. ఇక్కడ బరువుగా ఉంటది. 'బిడ్డ ఇటు పక్కకి వచ్చి కూర్చుంటది అమ్మమ్మా' అంటే అమ్మమ్మ నవ్వుద్ది." చేయి ఎడమ పక్కటెముకల కింద పెట్టుకుంది.

నాకు జబ్బు బయటపడకముందు నేనూ రెండు ముద్దలకే లేచేదాన్ని. నాదీ అదే చోటు. ఎడమ పక్కటెముకల కింద ఉండేది ప్లీహం. తెల్లకణాలు పేరుకుని అది ఉబ్బితే కడుపును నొక్కుతుంది. అయిదో నెల బిడ్డ అంత పైకి రాదు.

చెప్పాను. దీవెన మొహం గట్టిపడింది.

"నేను రానక్కా. తీసేస్తారు."

"తీస్తారని ఎవరన్నారు? ముందు రక్తం చూపిద్దాం."

"మీకు కొడుకున్నాడు. మీరేమైనా చెప్తారు." తర్వాత మెల్లగా, "నేను పోయినా పర్లేదు. ఇది ఉంటే చాలు" అంది.

అప్పటిదాకా మాట్లాడని మార్తమ్మగారు విస్తరి పక్కకు నెట్టింది.

"ఉప్పెన వచ్చినప్పుడు నేనూ అట్టాగే అనుకున్నానే" అంది. "నీ పెద్దమావయ్యని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను. నేను పోయినా వాడుంటే చాలని. నా కాళ్ళ కింద నేల లేదు. నేను మునిగాను, వాడూ మునిగాడు. నన్ను తుమ్మచెట్టు పట్టుకుంది, వాణ్ణి పట్టుకోలేదు. బిడ్డని ఎత్తాలంటే నువ్వు నిలబడాలమ్మా. ముందు నీ కాళ్ళు ఆనాలి. నిన్ను ఇక్కడ దాచింది నేనే, నేనే చెప్తున్నాను. వెళ్ళు."

దీవెన లేచి లోపలినుంచి తన గుడ్డల సంచి తెచ్చి అరుగు మీద పెట్టింది. తర్వాత నా ఫోను అడిగి భర్తకు తనే చేసింది.

విజయవాడ

మర్నాడు దీవెన భర్త రాజేష్ అవనిగడ్డలో కారు మాట్లాడుకుని రేవుకు వచ్చాడు. భార్య కడుపు చూశాడు. ఆమె చేతిలో సంచి తీసుకున్నాడు. కరకట్ట వెంట సగం దూరం వచ్చాక వెనక్కి తిరగకుండా అడిగాడు.

"నాకు చెప్తే వద్దంటాననుకున్నావా?"

"అనేవారు కదండీ."

"అనేవాణ్ణే" అన్నాడు.

విజయవాడ ఆసుపత్రిలో రక్తం, స్కానింగ్ అయ్యేదాకా ముగ్గురం ఒకరినొకరు చూసుకోలేదు. మధ్యాహ్నం నా మాత్ర నేను వేసుకున్నాను. దీవెన నా గొంతు కదలికనే చూస్తోంది. డాక్టరమ్మ లోపలికి పిలిచి, "ప్లీహం ఉబ్బింది. తెల్లకణాలు బాగా పెరిగాయి" అంది. దీవెన చేయి నా చేతిలో బిగుసుకుంది. "కానీ ఇంకా మొదటి దశలోనే ఉన్నావు. బిడ్డ కావాలనుకుంటే టైము చూసి మేమే మాత్ర ఆపించి కాపలా కాసేవాళ్ళం. నువ్వు చెప్పకుండా ఆపావు, పరీక్షలూ మానావు. ఇంకొన్ని వారాలు ఆగి వస్తే ఏం చెప్పేదాన్నో నాకు తెలీదు."

బిడ్డను తీసేయమని అనలేదు. ఇంటర్‌ఫెరాన్ అనే సూదిమందు రాసింది. మాత్రలాగా ఆ ఒక్క ప్రోటీను మీదికి వెళ్ళేది కాదట. జ్వరం వస్తుంది, ఒళ్ళు నొప్పులు పుడతాయి, బిడ్డకు మాత్రం ముప్పు తక్కువ. కాన్పయ్యేదాకా దాంతో లాక్కురావాలి. కుదరకపోతే అప్పుడు ఇంకో ఆలోచన. "గ్యారంటీ ఇవ్వలేను" అని రెండుసార్లు అంది.

"ఆ సూది నేను వేస్తానండి, నేర్పించండి" అన్నాడు రాజేష్.

నర్సు ఒక బత్తాయి తెచ్చి చేతిలో పెట్టింది. అంత పెద్ద బస్సు నడిపే మనిషి, మొదటి రెండుసార్లూ సూది వంకరగా గుచ్చి బత్తాయి రసం కార్చాడు. మూడోసారికి సూది సరిగ్గా దిగింది. దీవెన జాకెట్టు చెయ్యి పైకి మడిచి భుజం చూపించింది. నేను కారిడార్లోకి వచ్చేశాను. అక్కణ్ణుంచే రైలుకు బయలుదేరాను.

ఇంటికి వచ్చాక

పాప నెలలు నిండకముందే పుట్టింది. కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచారు. ఇప్పుడు బరువు పెరుగుతోంది. దీవెన కాన్పయిన వారంలోనే మాత్ర మళ్ళీ మొదలుపెట్టింది. ఆ మాత్ర వేసుకుంటూ పాలివ్వకూడదు. డబ్బా పాలు రాజేష్ కలుపుతాడు, మార్తమ్మగారు పడుతుంది. రిపోర్టులో నంబరు మొదట్లో చకచకా తగ్గింది, పోయినసారి ఉన్నచోటే నిలబడిపోయింది. ఒక్కోసారి ఆ ప్రోటీను తన ఆకారం మార్చుకుని మాత్రకు చోటివ్వకుండా చేస్తుందని నాకు తెలుసు. అదీ చూస్తామని డాక్టరమ్మ అందట.

పాపకు నిరీక్షణ అని పేరు పెట్టామని దీవెన ఫోన్లో చెబితే నాకు మనసు చివుక్కుమంది. మా వైపు ఆ మాటకు ఎదురుచూడడమనే అర్థం. రిపోర్టు కోసం ఎదురుచూడడం ఎంత నరకమో తెలిసిన మనిషి బిడ్డకు ఆ పేరు పెట్టుకుందేమిటి అన్నాను.

"అది కాదక్కా. మా బైబిల్లో నిరీక్షణంటే ఆశ" అంది.

మళ్ళీ తనే, "నిన్న రక్తం ఇచ్చొచ్చాం. రిపోర్టు వచ్చే వారం" అంది.

వెనక పాప ఏడుపు మొదలుపెట్టింది. ఇద్దరం అది వింటూ ఉన్నాం.